విజిల్ మోగని ఒక గంట కావాలి
జీహెచ్‌ఎంసీ కమిషనర్ గారికి మారేడ్‌పల్లి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,



ఏటా ఎండలు ముదిరే వేళకి మీ సంస్థ పిల్లల కోసం వేసవి శిక్షణ శిబిరాలు మొదలుపెడుతుంది. ఏప్రిల్ 25 ప్రాంతంలో మొదలై మే నెలాఖరు దాకా నడుస్తాయి. 6 ఏళ్ల నుంచి 16 ఏళ్ల పిల్లలు చేరవచ్చు, ఫీజు నామమాత్రం. క్రికెట్, షటిల్, స్కేటింగ్, కబడ్డీ, యోగా అంటూ జాబితా చాలా పెద్దది. ప్రైవేటు క్యాంపులకు వేలు కట్టలేని ఇళ్లకు ఇది నిజంగా గొప్ప సాయం. మా ఎదురింటి పిల్లలిద్దరూ అలాగే స్కేటింగ్ నేర్చుకున్నారు. ఆ జాబితాలో ఆటిజం, ఏడీహెచ్‌డీ, మేధోవైకల్యం ఉన్న పిల్లల కోసం కూడా ఒక బ్యాచ్ ఉండాలని, అది మా మారేడ్‌పల్లిలోనే మొదలవ్వాలని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను వెస్ట్ మారేడ్‌పల్లిలో ఉంటాను. మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఆటిజం ఉంది. మాటలు కొన్నే వచ్చు. తాను ఎక్కిన ప్రతి సిటీ బస్సు నంబరూ మాత్రం గుర్తుంటుంది. వేసవి సెలవులు మా ఇంట్లో ఎలా గడుస్తాయో చెబితే మీకు నా అభ్యర్థన సులువుగా అర్థమవుతుంది.

మన రాష్ట్రంలో మార్చి 15 నాటికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. అప్పటిదాకా సాయంత్రం ఇంటికొచ్చే పిల్లవాడు మధ్యాహ్నమే వచ్చేస్తాడు. అదొక మార్పు. నెల తిరిగేసరికి బడి పూర్తిగా మూసేస్తారు. 2025లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, అంటే 49 రోజులు సెలవులిచ్చారు. అది రెండో మార్పు. జూన్ 12న తలుపులు తెరిచేసరికి క్లాసు కొత్తది, టీచరు కొత్త, బెంచీ కొత్తది. ఇది మూడోది. మూడు నెలల్లో మూడుసార్లు రోజంతా తలకిందులైతే, తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే తప్ప స్థిమితంగా ఉండలేని పిల్లలు ఏమైపోతారు? నిద్ర చెదురుతుంది. తిండి రెండు మూడు రకాలకు కుదించుకుపోతుంది. ఏడాదంతా కష్టపడి నేర్చుకున్నవి, వరుసలో నిలబడటం, బాత్రూం కావాలని చెయ్యి చూపించి అడగటం లాంటివి, జారిపోతాయి. బయటివాళ్లకు అది మొండితనంలా, గారాబంలా కనిపిస్తుంది. ఊపిరాడనంత కంగారులో ఉన్న పిల్లవాడు వాళ్లకు కనిపించడు.

అందరి ఇళ్లలోనూ ఇలాగే ఉంటుందని కాదు. మా పక్క వీధిలో డిస్లెక్సియా ఉన్న ఒక అమ్మాయికి సెలవులంటే ప్రాణం లేచివస్తుంది. చదవమని నిలబెట్టేవాళ్లు ఉండరు కదా. ఆమె బాధ వేరు. వెనకబడినదంతా ఈ సెలవుల్లోనే పూడ్చాలని పొద్దున్నొక ట్యూషన్, సాయంత్రమొకటి పెడతారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు ఒంట్లో ఉన్న పరుగంతా పరిగెత్తడానికి చోటు కావాలి. రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో, బయట ఎండ నలభై దాటిన మధ్యాహ్నం, కింది ఫ్లాట్ వాళ్లు పైకొచ్చి బెల్లు కొడుతుంటే, ఆ తల్లి ఏం చేస్తుంది? ఫోను చేతికిస్తుంది. ఆ తర్వాత అందరూ ఆమెనే తప్పుపడతారు.

మా ఇంట్లో బీరువా తలుపు మీద ఒక బట్ట పట్టీ ఉంది. దానికి వెల్క్రో కుట్టాం. దాని మీద ఫొటోలు అతుక్కుంటాయి. బ్రష్షు, ఇడ్లీ ప్లేటు, పార్కు గేటు, స్నానం బక్కెట్టు, పజిల్ పెట్టె, పెరుగన్నం, దిండు, మేడ మీది తులసి కుండీ. అన్నీ మా ఇంటివే, మా ఫోనుతో తీసినవే. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మ బక్కెట్టును వాడు ఒప్పుకోడు, మా నీలం బక్కెట్టే ఉండాలి. ఒక పని అవగానే ఆ ఫొటో పీకి పాత బోర్న్‌విటా డబ్బాలో వేస్తాడు. పట్టీ ఖాళీ అవుతూ ఉంటే రోజు ఎంత గడిచిందో, ఎంత మిగిలిందో వాడికి కంటికి కనిపిస్తుంది. ఆ ఫొటోల మధ్య ఒక ఎర్ర అట్టముక్క కూడా ఉంటుంది. కరెంటు పోతే, చెప్పకుండా చుట్టాలొస్తే, వాన పడి పార్కుకు వెళ్లలేకపోతే ఆ ఫొటో మీద ఎర్ర అట్ట అతికిస్తాం. ‘ఇది మారింది’ అని దాని అర్థం. ఆ అట్టకు అలవాటు పడటానికి వాడికి ఒక వేసవి పట్టింది. ఇప్పుడు కరెంటు పోతే వాడే వెళ్లి తెచ్చి అతికిస్తాడు. స్పెషల్ ఎడ్యుకేటర్లు నేర్పే పద్ధతే ఇది. ఖర్చు కూడా పెద్దగా లేదు. ఈ లేఖ చదివే తల్లిదండ్రులు ఎవరైనా ఇవాళే మొదలుపెట్టవచ్చు.

అయితే పట్టీ మీద అతికించడానికి ఇంటి బయట ఒక చోటు ఉండాలి కదా, కమిషనర్ గారూ. మాకు దొరికింది పార్కు గేటు ఒక్కటే.

పొద్దున ఆరింటికి నెహ్రూనగర్ పార్కుకు వెళతాం. వాకింగ్ చేసే పెద్దవాళ్లు చాలామంది మమ్మల్ని గుర్తుపడతారు, పలకరిస్తారు. వాళ్లకు నా కృతజ్ఞతలు. సెలవులు మొదలయ్యాక మాత్రం ఉయ్యాలల దగ్గర రద్దీ పెరుగుతుంది. మావాడికి ఎప్పుడూ ఒకే ఉయ్యాల కావాలి. అది ఖాళీ అయ్యేదాకా చెవులు మూసుకుని దాని పక్కనే నిలబడతాడు. ఒక చిన్నపాప వాళ్లమ్మను అడిగింది, ‘అమ్మా, ఈ అన్న చెవులెందుకు మూసుకున్నాడు?’ అని. ఆ తల్లి పాప చెయ్యి పట్టుకుని దూరంగా లాక్కుపోయింది. పాప అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. అక్కడే నిలబడి అడగనిస్తే నేనే చెప్పేదాన్ని: అన్నకు చప్పుళ్లు చాలా పెద్దగా వినిపిస్తాయమ్మా, నువ్వు దిగాక ఆ ఉయ్యాల ఇస్తావా, అని.

రెండేళ్ల కిందట ఒక ప్రైవేటు సమ్మర్ క్యాంపు వాళ్లు ఫీజు తీసుకుని, మూడో రోజు మర్యాదగానే వెనక్కి ఇచ్చేశారు. ‘మిగతా పేరెంట్స్ ఇబ్బంది పడుతున్నారు మేడమ్’ అన్నారు. ఇలాంటి మాట వినని తల్లి, మాలాంటి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక్కరూ లేరు. అందుకే ఇది ఏ ఒక్క సంస్థ మీదా చేస్తున్న ఫిర్యాదు కాదు. డబ్బు కట్టేవాళ్ల అసౌకర్యం చూసి వెనక్కి తగ్గడం వ్యాపారానికి సహజం. నగరపాలక సంస్థకు అది తగదు. మైదానం అందరిదీ.

ఇలాంటి తిరస్కారాల వల్లే ఒకప్పుడు ప్రపంచంలో ఒక పెద్ద మార్పు మొదలైంది. అమెరికాలో మేధోవైకల్యం ఉన్న పిల్లలను చాలా సమ్మర్ క్యాంపులు చేర్చుకోని రోజుల్లో, అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు యూనిస్ కెనెడీ శ్రైవర్ 1962 జూన్‌లో మేరీల్యాండ్‌లోని తమ ఇంటి ఆవరణలోనే ఒక క్యాంపు తెరిచారు. ఆమె అక్క రోజ్‌మేరీకి మేధోవైకల్యం ఉండేది. కాబట్టి ఆ కష్టం ఆమె ఇంట్లో చూసినదే. ఈ పిల్లలు ఈత కొట్టలేరు, పరిగెత్తలేరు అని అందరూ అంటుంటే, అదే పెరట్లో ఈత కొట్టించారు, పరిగెత్తించారు. ఆరేళ్ల తర్వాత, 1968 జులైలో, మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం తొలి స్పెషల్ ఒలింపిక్స్ షికాగోలో జరిగాయి. ఇవాళ మన దేశంలో కూడా స్పెషల్ ఒలింపిక్స్ భారత్ పనిచేస్తోంది. ఇదంతా బడి సెలవుల్లో పిల్లలను ఎక్కడికి పంపాలో తెలియని తల్లుల కష్టం నుంచి పుట్టింది.

మారేడ్‌పల్లిలోనే ఎందుకు మొదలుపెట్టాలని మీరు అడగవచ్చు. నేనిక్కడ ఉంటున్నందుకే కాదు. ఈ పని తెలిసినవాళ్లు ఇంత దగ్గరగా, ఇంతమంది ఉన్న చోటు నగరంలో మరొకటి లేదని నా నమ్మకం. బోయినపల్లి వైపు మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది. 1984లో పెట్టారు. ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ, మా చుట్టుపక్కల అందరూ ఇప్పటికీ ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. దేశంలోని అన్ని మూలల నుంచీ తల్లిదండ్రులు పిల్లలను తీసుకుని అక్కడికి వస్తారు. స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లను తయారుచేసే కోర్సులు అక్కడ నడుస్తాయి. ఇటు జూబ్లీ బస్ స్టేషన్ దాటితే స్వీకార్. డాక్టర్ పి. హనుమంతరావు గారు 1977లో మొదలుపెట్టిన సంస్థ. అక్కడి చౌరస్తాను జనం స్వీకార్ ఉపకార్ అనే పిలుస్తారు, బస్సు కండక్టర్లు కూడా అలాగే అరుస్తారు. అక్కడ కూడా థెరపిస్టులు, టీచర్లు శిక్షణ పొందుతారు.

అంటే మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లగలిగే దూరంలో, ఈ పిల్లలతో ఎలా ఉండాలో నేర్చుకుంటున్న యువతీ యువకులు బోలెడంత మంది ఉన్నారు. మైదానం మీది. కోచ్‌లు మీవాళ్లు. పిల్లలు మా ఇళ్లలో ఉన్నారు. వీటిని కలపడానికి కావలసింది మీకూ ఆ సంస్థలకూ మధ్య ఒక ఉత్తరం, ఒక ఒప్పందం. పికెట్, కార్ఖానా వైపు కంటోన్మెంట్ బోర్డు పరిధి మొదలవుతుందని నాకు తెలుసు. దయచేసి ఆ సరిహద్దును పిల్లల దాకా రానివ్వకండి. ఆధార్ కార్డు మీద ఏ అడ్రసు ఉన్నా చేర్చుకోమని చెప్పండి.

శిబిరం ఎలా ఉండాలి? ముందుగా విజిల్ సంగతి చెప్పాలి. ఏ కోచ్ మెడలో చూసినా విజిల్ వేలాడుతుంది, దాని పని దానిది. మావాడు మాత్రం విజిల్ మోగితే నేల మీద కూర్చుండిపోతాడు. రెండోసారి మోగితే పరిగెత్తి రోడ్డు మీదికి వెళతాడు. ఒకసారి అలా వెళ్లిన తర్వాత క్రికెట్ కోచింగ్ జరిగే వేళల్లో మైదానం దరిదాపులకు కూడా తీసుకెళ్లడం మానేశాను. రోజుకు ఒక గంట, విజిల్ మోగని గంట, చాలు. దాని బదులు రంగు జెండా ఊపవచ్చు, చెయ్యి ఎత్తవచ్చు. మైకు వద్దు. ఎనిమిది, పది మందికి మించని గుంపు. మొదటి రోజు వచ్చిన కోచే చివరి రోజు దాకా రావాలి, ఇది చాలా ముఖ్యం. మైదానం గేటు, కోచ్ ముఖం, నీళ్ల కుండ, టాయిలెట్ తలుపు, వీటి ఫొటోలు రెండు రోజుల ముందే మా ఫోన్లకు పంపితే మేం వాటిని పట్టీ మీద పెట్టుకుంటాం. పిల్లవాడు తెలిసిన చోటికి వచ్చినట్టే వస్తాడు. అలసిపోయినవాడు వెళ్లి కూర్చోవడానికి చెట్టు కింద ఒక చాప. టాయిలెట్‌కు తాళం వేయకూడదు. గేటు మాత్రం ఆ గంటసేపూ మూసి ఉండాలి, ఎందుకో పైన చెప్పాను. పొద్దున ఏడింటికల్లా అయిపోవాలి, తర్వాత ఎండ తట్టుకోలేరు.

ఆటల విషయంలో ఒక మాట. కబడ్డీ, క్రికెట్ లాంటి జట్టు ఆటల కంటే ఈత, స్కేటింగ్, సైకిల్, పరుగు, యోగా వీళ్లలో చాలామందికి సులువుగా పట్టుబడతాయి. ఎవరి వంతు ఎప్పుడో, ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ఊహించాల్సిన అవసరం వాటిలో తక్కువ. నీళ్లలోకి దిగితే మావాడి ముఖమే మారిపోతుంది. అయితే ఇది మీ కోచ్‌లు, ఎన్ఐఈపీఐడీ వాళ్లు కూర్చుని తేల్చాల్సిన సంగతి. నేను తల్లిని మాత్రమే.

చేర్చుకునేటప్పుడు వైకల్య ధ్రువీకరణ పత్రం అడగవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఉంది, మేధోవైకల్యం ఉంది, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం లేదు. కాగితం అడిగితే ఆ పిల్లలంతా గేటు దగ్గరే ఆగిపోతారు. ఇంకా పరీక్షలు చేయించుకోనివాళ్లు, చేయించడానికి భయపడేవాళ్లు కూడా ఆగిపోతారు. తల్లి చెప్పిన మాట చాలనుకోండి. వయసు పరిమితి కూడా 16 దగ్గర ఆపకండి. అదే చట్టం నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్యను 18 ఏళ్ల దాకా హక్కుగా ఇచ్చింది. పదిహేడేళ్లవాడి తల్లికి వేసవి ఇంకా బరువు. మావాణ్ణి ఇవాళ నేను చెయ్యి పట్టుకుని ఆపగలను. ఇంకో నాలుగేళ్లకు వాడు నాకంటే ఎత్తు ఉంటాడు.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను, దాని 29వ సెక్షన్‌లో సంస్కృతి, వినోదం, 30వ సెక్షన్‌లో క్రీడలు ఉన్నాయి. ప్రభుత్వాలు వీళ్లు ఆటల్లో పాల్గొనేలా చర్యలు తీసుకోవాలని స్పష్టంగా రాసి ఉంది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమలులో ఉంది. మేం అడిగేది దయతో ఇచ్చేది కాదని చెప్పడానికే ఇది గుర్తుచేస్తున్నాను.

ఇంతకీ ఇలాంటి పిల్లలు మారేడ్‌పల్లిలో ఎంతమంది ఉంటారని మీ అధికారులు అడుగుతారు. లెక్క ఎవరి దగ్గరా లేదు. 2011 జనాభా లెక్కల్లో ఆటిజానికి విడిగా గడి కూడా లేదు. అయితే 2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. దేశంలో ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను పరీక్షించారు, ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. వినికిడి, చూపు, మూర్ఛ సమస్యలు కూడా కలుపుకుని, దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి నాడీ సంబంధమైన ఎదుగుదల ఇబ్బంది ఏదో ఒకటి ఉందని తేలింది. ఒక్క బ్యాచ్‌కు పిల్లలు దొరకరేమోనన్న అనుమానం అక్కర్లేదు. వాళ్లు కనిపించడం లేదంటే తలుపుల వెనక ఉన్నారని అర్థం.

ప్రత్యేక బ్యాచ్ అంటే మళ్లీ వేరు చేయడమే కదా అని మాలోనే కొందరు తల్లిదండ్రులు అంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది. అందరితో కలిసి ఆడటమే అసలు లక్ష్యం. కానీ విజిళ్ల మధ్య మొదటి రోజే వదిలేస్తే మా పిల్లలు రెండో రోజు రారు. మొదటి రెండు వారాలు చోటుకు, కోచ్‌కు అలవాటు పడనివ్వండి. మూడో వారం నుంచి మామూలు బ్యాచ్ పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి కలవనివ్వండి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎలాగూ ఉంటారు. మేధోవైకల్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఒకే జట్టులో ఆడే పద్ధతి స్పెషల్ ఒలింపిక్స్‌లో ఎప్పటి నుంచో ఉంది.

బెంగళూరులో కిలికిలి అని తల్లిదండ్రులు పెట్టుకున్న సంస్థ ఉంది. నగరపాలక సంస్థతో కలిసి కోల్స్ పార్కు లాంటి చోట్ల అందరు పిల్లలూ కలిసి ఆడుకునేలా ఆట స్థలాలు తయారు చేయించింది. ఇంగ్లండ్‌లో అయితే 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, వైకల్యమున్న పిల్లలను చూసుకునేవారికి సాయంత్రాలు, వారాంతాలు, బడి సెలవుల్లో ఊరట కలిగించే సేవలు అందించడం స్థానిక సంస్థల బాధ్యత. ఏయే సేవలు ఉన్నాయో ప్రకటించాలి కూడా. బడి సెలవులు అని అందులో విడిగా రాశారు చూడండి. ఆ నిబంధన రాసినవాళ్లకు ఈ ఇళ్ల సంగతి తెలుసు.

మన దగ్గర ఈ భారమంతా ఒక్క మనిషి మీద పడుతుంది. చాలా ఇళ్లలో ఆ మనిషి తల్లి. మా గ్రూపులో బ్యాంకు ఉద్యోగం వదిలేసినవాళ్లు ఉన్నారు, టీచరు ఉద్యోగం వదిలేసినవాళ్లు ఉన్నారు. ఉద్యోగం నిలుపుకున్నవాళ్లు ఏడాది సెలవులన్నీ మే నెల కోసం దాచుకుంటారు. ఒళ్లు వెచ్చబడినా ఆఫీసుకు వెళతారు. ఊరికి పంపుదామంటే అమ్మమ్మలకు వయసు మీద పడింది, పైగా పెళ్లిళ్ల కాలం, బ్యాండు మేళాలు, డీజేలు. మీ శిబిరం ఉంటే ఆ ఒక్క గంటలో పిల్లవాడు ఆడుకుంటాడు. వాళ్లమ్మ చెట్టు కింద కూర్చుని టీ తాగుతుంది. పక్కన కూర్చున్న ఇంకో అమ్మతో మాట్లాడుతుంది. దీనికి మీ బడ్జెట్‌లో ఎంత అవుతుంది?

కమిషనర్ గారూ, ఒంటిపూట బడులు మొదలయ్యేలోగా మీ స్పోర్ట్స్ విభాగం అధికారిని ఒకరిని ఒక ఆదివారం పొద్దున నెహ్రూనగర్ పార్కుకు పంపండి. ఎన్ఐఈపీఐడీ నుంచి ఒకరిని, స్వీకార్ నుంచి ఒకరిని కూడా పిలవండి. మేం పిల్లల్ని తీసుకునే వస్తాం. కోచ్‌లకు శిక్షణ జరిగే రోజుల్లో వచ్చి కూర్చోవడానికి, ఫొటోలు తీయడానికి, గేటు దగ్గర నిలబడటానికి మా తల్లిదండ్రులు వంతులు వేసుకుంటారు, ఆ మాట మాట్లాడుకున్న తర్వాతే ఈ లేఖ రాస్తున్నాను. ఈ వేసవికి ఒక్క మైదానంలో ఒక్క గంట మొదలుపెట్టించండి.

ఇట్లు,
వెస్ట్ మారేడ్‌పల్లి నుంచి
ఒక తల్లి